దూరపు యుద్ధరంగానికి భర్తీ సైనికులను సమకూర్చడం ఎలా

యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయం అన్నిటికంటే ముందు మొదలుపెట్టవలసిన లెక్క ఒకటుంది. చాలా సైన్యాలు దాన్ని అన్నిటికంటే ఆలస్యంగా మొదలుపెట్టాయి. పోరాడుతున్న బెటాలియన్లలో (కొన్ని వందల మంది ఉండే దళాల్లో) చనిపోయినవారు, గాయపడినవారు, జబ్బుపడినవారు, శత్రువుకు పట్టుబడినవారు వదిలిన ఖాళీల్లోకి కొత్తవారిని ఎక్కడినుంచి తేవాలి, ఎంతకాలంలో తేవాలి, ఏ స్థితిలో అప్పగించాలి అన్నదే ఆ లెక్క. రంగం సరిహద్దు పక్కనే ఉంటే ఈ విషయంలో జరిగిన పొరపాటును రెండు మూడు వారాల్లో సర్దుకోవచ్చు. సముద్రాలో ఖండాలో దాటి వెళ్లవలసిన రంగమైతే ఇవాళ వేసిన తప్పు అంచనా ఆరు నెలల తర్వాత గాని బయటపడదు. దిద్దుకోవడానికి మళ్లీ అంతకాలమూ పడుతుంది.

ఈ పని ఏ క్రమంలో చేయాలో, ఎక్కడెక్కడ చెడుతుందో గత రెండు వందల ఏళ్ల యుద్ధాల అనుభవం ఆధారంగా ఇక్కడ వివరిస్తున్నాను. యుద్ధచరిత్ర చదివేవారు, యుద్ధం నేపథ్యంగా రాసేవారు, యుద్ధక్రీడలు రూపొందించేవారు ఒక స్టాఫ్ అధికారి (సైన్యాధిపతికి లెక్కలు, ప్రణాళికలు తయారుచేసే అధికారి) కుర్చీలో కూర్చుని ఆలోచించవలసి వచ్చినప్పుడు ఇది పనికివస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: దేశంలో మనుషులే లేక చెడిన భర్తీ వ్యవస్థల కంటే, ఉన్న మనుషులను తప్పు శాఖలో పెట్టి, తప్పు సమయంలో పంపి, తప్పు విధంగా అప్పగించడం వల్ల చెడినవే ఎక్కువ.

నష్టాలను శాఖలవారీగా అంచనా వేయండి

మొత్తం సైన్యానికి ఒకే శాతం పెట్టి నష్టాలను లెక్కగట్టడం మొదటి తప్పు. అంకెలతో చూస్తే సంగతి తేటపడుతుంది. 1943 జూలై నాటి పట్టిక ప్రకారం అమెరికన్ పదాతి డివిజన్‌లో 14,253 మంది ఉండాలి. అందులో రైఫిల్ కంపెనీలు 27, కంపెనీకి 193 మంది చొప్పున 5,211 మంది. మిగిలిన తొమ్మిది వేల మందీ ఫిరంగులు, భారీ ఆయుధాలు, వాహనాలు, వైర్‌లెస్, వైద్యం, వంట, కార్యాలయం వంటి పనుల్లో ఉంటారు. ఆ డివిజన్ రెండు వారాల్లో రెండు వేల మందిని కోల్పోయిందనుకుందాం. మొత్తం మీద అది 14 శాతమే. పై కార్యాలయంలో కూర్చున్నవారికి భరించదగిన నష్టంగానే కనిపిస్తుంది. అయితే ఆ రెండు వేలలో పద్దెనిమిది వందల మంది రైఫిల్ కంపెనీలవారే అయితే, శత్రువుకు ఎదురుగా నిలబడవలసిన బలంలో మూడోవంతుకు పైగా పోయినట్లే. అదే తీరున మరో రెండు వారాలు గడిస్తే కాగితం మీద మూడొంతుల బలంతో ఉన్న డివిజన్, నేల మీద దాడి చేయగల శక్తిని దాదాపుగా కోల్పోయి ఉంటుంది.

1944 వేసవిలో ఫ్రాన్సు తీరప్రాంతమైన నార్మండీలో జరిగింది ఇదే. ఎత్తైన పొదల గట్లతో నిండిన ఆ పొలాల్లో పదాతి సైనికుల నష్టం అంచనాలను దాటిపోయింది. ఇతర శాఖల నష్టం అంచనాల కంటే తక్కువగా ఉంది. భర్తీ సైనికులను దళాలకు పంపేదాకా ఉంచే డిపోల్లో ఫిరంగిదళంవారు, విమాన విధ్వంసక దళాలవారు పని లేక ఉండగా రైఫిల్ కంపెనీలు సగం ఖాళీగా పోరాడాయి. అదే ఏడాది కెనడా సైన్యానికి ఈ తప్పు రాజకీయ సంక్షోభమే తెచ్చిపెట్టింది. సైన్యంలో మొత్తం మనుషులకు కొరత లేదు, కొరతంతా శిక్షణ పొందిన పదాతి సైనికులకే. ఇతర శాఖలవారిని కొద్దిపాటి శిక్షణతో పదాతిదళంలోకి మార్చి పంపారు. వచ్చినవారికి తగినంత శిక్షణ లేదని, స్వయంగా గాయపడి తిరిగివచ్చిన టొరంటో హాకీ జట్టు యజమాని, మేజర్ కాన్ స్మైత్ సెప్టెంబరులో పత్రికలకెక్కి చెప్పాడు. విదేశాలకు పంపబోమన్న హామీతో నిర్బంధంగా చేర్చుకున్నవారిని పంపాలా వద్దా అన్న వివాదంలో రక్షణమంత్రి రాల్‌స్టన్ నవంబరు మొదట్లో పదవి వదలవలసి వచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి ప్రధాని మెకంజీ కింగ్ అలాంటివారిలో 16,000 మందిని సముద్రం దాటించే ఉత్తర్వుకు ఒప్పుకున్నాడు. నష్టాల పట్టికలో శాఖల మధ్య వేసిన పంపకం మంత్రివర్గం దాకా పోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అంచనా వేసేటప్పుడు బుల్లెట్ల కంటే దోమలను ఎక్కువగా లెక్కలోకి తీసుకోవలసిన రంగాలు ఉంటాయి. 1943లో బర్మా సరిహద్దున గాయాలతో వెనక్కి పంపిన ఒక్కొక్క మనిషికి, జబ్బుతో పంపినవారు 120 మంది ఉన్నారని అక్కడి బ్రిటిష్ పద్నాలుగో సైన్యం అధిపతి స్లిమ్ లెక్క. అలాంటి చోట క్షతగాత్రుల అంచనా ఎంత చక్కగా వేసినా ప్రయోజనం లేదు. మలేరియా, విరేచనాలు, టైఫస్ ఎంతమందిని మంచాన పడవేస్తాయన్నదే అసలు ప్రశ్న.

అధికారులను, నాన్ కమిషన్డ్ అధికారులను (సార్జెంట్లు, హవల్దార్లు వంటివారిని) సిపాయిల లెక్కలో కలపకుండా వేరే పట్టిక వేయాలి. వారిని తయారుచేయడానికి ఎక్కువ కాలం పడుతుంది, పోరులో వారే ముందుగా పడతారు. 1914 శరత్కాలంలో ఫ్రాన్సు చేరిన భారతీయ సైన్యం ఈ కష్టాన్ని రెండు వైపుల నుంచీ అనుభవించింది. సిపాయిల భాష తెలిసిన బ్రిటిష్ అధికారులు కొద్దిమందే, వారు పడిపోతే వెంటనే ఆ చోటు నింపగలవారు లేరు. ఇంకొకవైపు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క వర్గం నుంచి, అంటే సిక్కులనో డోగ్రాలనో పఠాన్లనో విడివిడిగా చేర్చుకుని ఏర్పరచినది కావడం వల్ల ఆ ఖాళీలోకి ఆ వర్గంవారే రావాలి. రిజర్వు జాబితాలో ఉన్నవారిలో చాలామంది వయసు మళ్లినవారు, పోరాటానికి పనికిరానివారు. మొదటి కొద్ది నెలల్లోనే ఒక రెజిమెంటు ఖాళీని మరో రెజిమెంటు మనుషులతో పూడ్చవలసి వచ్చింది. 1915లో నష్టాల ధాటికి గఢ్వాల్ రైఫిల్స్ రెండు బెటాలియన్లనూ కలిపి ఒకటిగా నడిపారు.

దూరాన్ని నెలల్లోకి, నెలలను మనుషుల్లోకి మార్చండి

కాలువ తూము ఎత్తిన రోజునే చివరి పొలానికి నీరు అందదు. అందేదాకా కాలువ పొడవునా నీరు నిండి ఉండాలి. భర్తీ వ్యవస్థ కూడా అంతే. రంగంలో నెలకు 3,000 మంది రైఫిల్ సైనికులు కావాలనుకుందాం. ప్రాథమిక శిక్షణకు నాలుగు నెలలు, సెలవు, రేవు చేరడం, ఓడ కోసం ఎదురుచూడడం అన్నీ కలిపి అరనెల, సముద్రయానానికి నెలన్నర, అవతలి గట్టున డిపోలోనూ అక్కడి నేలకు తగిన శిక్షణలోనూ ఒక నెల వేసుకుంటే మొత్తం ఏడు నెలలు. అంటే తుపాకి పట్టి ముందువరుసలో నిలిచినవారు కాక, మరో 21,000 మంది ఎప్పుడూ దారిలోనే ఉండాలి. దారిలో జబ్బుపడేవారిని, శిక్షణలో పనికిరారని తేలేవారిని పదిలో ఒకరుగా లెక్కవేస్తే శిక్షణ కేంద్రంలో చేర్చుకోవలసింది నెలకు మూడు వేల మూడు వందల పైమాట.

మంత్రులకు ఈ 21,000 ఎప్పుడూ కంటిలో నలుసే. పోరాడకుండా ఇంతమంది ఎందుకున్నారని అడుగుతారు, వారితో కొత్త డివిజన్ ఏర్పాటు చేయమంటారు. చేశారంటే ఏడు నెలల తర్వాత పాత డివిజన్లు కృశించడం మొదలవుతుంది. కాలువను ఎండగట్టి పొలం విస్తీర్ణం పెంచిన ఈ పని దాదాపు ప్రతి పెద్ద యుద్ధంలోనూ ఎవరో ఒకరు చేశారు.

ప్రయాణ కాలాన్ని పటం మీద కొలవకూడదు. నడుస్తున్న దారిని బట్టి కొలవాలి. 1943లో మధ్యధరా సముద్రం మళ్లీ తెరుచుకునే వరకు బ్రిటన్ నుంచి ఈజిప్టుకో ఇండియాకో వెళ్లే దళాలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసి వచ్చింది. ఆ ప్రయాణం రెండు నెలల దాకా పట్టేది. అదే కాలంలో క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్ ఓడలు ఒక్కొక్క విడతలో 15,000 మందిని ఎక్కించుకుని సుమారు ఐదారు రోజుల్లో అట్లాంటిక్ దాటాయి. 1904లో జపానుతో పోరాడిన రష్యాకు మంచూరియా వరకు ఉన్నది ఒంటి రైలుపట్టా. అందులోనూ బైకాల్ సరస్సు దగ్గర తెగి ఉండేది. సరస్సును చుట్టివచ్చే లైను ఆ ఏడాది సెప్టెంబరుకు గాని పూర్తికాలేదు. అంతదాకా మనుషులను వేసవిలో ఓడల మీదా, చలికాలంలో మంచు మీదా దాటించారు. అదే పట్టా మీద మందుగుండు, తిండి, గుర్రాలు కూడా పోవాలి. రోజుకు నడిచే రైళ్లలో భర్తీ సైనికుల కోసం ఎన్ని కేటాయించారన్నది తెలియకుండా నెలకు ఎంతమంది చేరతారో చెప్పలేం.

ఒక్కొక్కరినా, జట్టుగానా

ఇది ఈ విషయం మొత్తానికి గుండెకాయ లాంటి నిర్ణయం, తొందరపడి తీసుకోకూడనిది. ఖాళీలను ఒక్కొక్క మనిషితో పూడ్చవచ్చు, జట్లు జట్లుగా పూడ్చవచ్చు, లేదా అలసిన దళాన్ని మొత్తంగా వెనక్కి తీసి కొత్త దళాన్ని ఆ చోట నిలపవచ్చు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మొదటి దారి పట్టింది. పరిశ్రమలకు, వైమానిక దళానికి, నౌకాదళానికి మనుషులు కావాలి కాబట్టి పదాతి, కవచ దళాలన్నీ కలిపి డివిజన్ల సంఖ్యను తొంభై దగ్గర ఆపివేశారు. యుద్ధం ముగిసేనాటికి ఉన్నవి 89. వెనక నిలిపి మార్చుకోవడానికి అదనపు డివిజన్లు లేవు కాబట్టి ఉన్నవాటినే ముందువరుసలో ఉంచి, తరిగిన బలాన్ని ఎప్పటికప్పుడు ఒక్కొక్క మనిషితో నింపారు. ప్రతి సైనికుడికీ అతని పనిని తెలిపే సంకేత సంఖ్య ఉండేది. రైఫిల్ సైనికుడి సంఖ్య 745. ఫలానా కంపెనీకి ఇన్ని 745లు కావాలని అడిగితే డిపో అన్నిటినీ పంపేది. లెక్కల దృష్టితో ఇంత చక్కని ఏర్పాటు మరొకటి లేదు: ఒక్క మనిషీ వృథా కాడు, డివిజన్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. కానీ ఆ డివిజన్‌లోని రైఫిల్ సైనికుడికి విరామం దొరికే దారి గాయమో, జబ్బో, చావో తప్ప లేదు. కొత్తగా వచ్చినవాడికి పక్కనున్నవారెవరో తెలియదు, వారికి ఇతనెవరో తెలియదు.

జర్మనీ పద్ధతి దీనికి భిన్నం. దేశం లోపల ఉండే భర్తీ సైన్యం అంతా ఒకే అధిపతి కింద ఉండేది. 1944 జూలై వరకు ఆ పదవిలో ఉన్నవాడు జనరల్ ఫ్రోమ్. ఒక్కొక్క డివిజన్‌ను స్వదేశంలోని ఒక్కొక్క సైనిక జిల్లాతో ముడిపెట్టారు. ఆ జిల్లాలో చేరినవారు అక్కడి శిక్షణ బెటాలియన్‌లో తయారై, కవాతు బెటాలియన్ అనే పేరుతో ఒక్క జట్టుగా రైలెక్కి, కోలుకుని తిరిగి వెళ్తున్న పాత సైనికుల, అధికారుల వెంట తమ జిల్లా డివిజన్‌కే చేరేవారు. అక్కడ కూడా నేరుగా కందకంలోకి దిగకుండా డివిజన్ సొంత భర్తీ బెటాలియన్‌లో కొంతకాలం ఉండి, ఆ రంగం నుంచే వచ్చిన అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకునేవారు. యుద్ధం ముదిరి నష్టాలు వరదలా పెరిగాక ఈ ఏర్పాటు చెదిరిపోయింది. అయినా నిలిచినంతకాలం అది చిక్కిపోయిన దళాలను కూడా దళాలుగా నిలబెట్టగలిగింది. దాని లోపం కూడా చెప్పాలి: ఒక జిల్లా డిపోలో మనుషులు మిగిలిపోతుంటే మరో జిల్లా డివిజన్ కొరతతో అల్లాడుతుంది, ఒకదాని మిగులు మరొకదానికి సులువుగా పోదు.

స్థానిక అనుబంధాన్ని మరీ బిగిస్తే జరిగే నష్టం 1916 జూలై 1న సోమ్ నది దగ్గర కనిపించింది. ఒకే ఊరివారు, ఒకే ఫ్యాక్టరీవారు కలిసి చేరిన బ్రిటిష్ బెటాలియన్లలో ఒకటైన అక్రింగ్టన్ బెటాలియన్ ఆ ఉదయం సుమారు 700 మందితో దాడికి దిగి 580 మందికి పైగా కోల్పోయింది. ఒక పట్టణం వీధి వీధినా శోకంలో మునిగింది. మళ్లీ నింపడానికి ఆ పట్టణంలో అంతమంది యువకులూ లేరు. ఆ సెప్టెంబరులో బ్రిటన్ స్థానిక రిజర్వు బెటాలియన్లను చాలావరకు రద్దుచేసి ఉమ్మడి శిక్షణ రిజర్వును ఏర్పరచింది. అప్పటినుంచి ఎవరు ఏ రెజిమెంటుకు వెళ్తారన్నది అవసరాన్ని బట్టి తేలేది.

కాలపరిమితి మీద నడిచే ఒంటరి మార్పిడికి వియత్నాం యుద్ధం ఉదాహరణ. అమెరికన్ సైనికుడు పన్నెండు నెలల సేవ కోసం ఒంటరిగా విమానంలో దిగి, ఒంటరిగానే తిరిగి వెళ్లేవాడు. లాంగ్‌బిన్‌లోనూ కామ్‌రాన్ బేలోనూ ఉన్న భర్తీ బెటాలియన్లు రోజూ వచ్చేవారిని, పోయేవారిని సర్దుతుండేవి. బెటాలియన్ అధిపతులు ఆరు నెలలకే మారిపోయేవారు. తన తిరుగు ప్రయాణం తేదీ తెలిసి ఉండడం మనిషికి ఊరటే. కానీ పని నేర్చుకున్నవాడు నేర్చుకున్న వెంటనే వెళ్లిపోతుంటే కంపెనీ ఎప్పుడూ మొదటి ఏడాదిలోనే ఉంటుంది.

నా దృష్టిలో దూరపు రంగానికి పనికివచ్చేది నడిమి మార్గం. శిక్షణ కేంద్రంలోనే నలుగురు నుంచి పదిమంది దాకా జట్లు కట్టి, ఆ జట్టును ఓడలో విడదీయకుండా, డిపోలో విడదీయకుండా, ఒకే ప్లటూన్‌కు (కంపెనీలోని చిన్న విభాగానికి) అప్పగించాలి. డివిజన్ మొత్తాన్ని ఒకే ఊరితో ముడిపెట్టవలసిన అవసరం లేదు. మనిషికి పేరు తెలిసిన ముగ్గురు తోటివారు ఉంటే చాలు. కొరియా యుద్ధం చివరి రోజుల్లో అమెరికా కూడా నలుగురేసి జట్లుగా పంపే ప్రయత్నం చేసింది.

ఆ రంగానికి తగిన శిక్షణ

స్వదేశంలో ఇచ్చే ప్రాథమిక శిక్షణ ఏ రంగానికైనా ఒకటే. నడక, గురి, క్రమశిక్షణ. రంగాన్ని బట్టి మారేది రెండో దశ. 1943లో బర్మా ఓటముల తర్వాత భారతీయ సైన్యం ఈ రెండో దశ కోసం రెండు డివిజన్లను పోరాటం నుంచి తప్పించి పూర్తిగా శిక్షణకే కేటాయించింది: పద్నాలుగో డివిజన్ ఛింద్వాడా ప్రాంతంలో, ముప్పై తొమ్మిదో డివిజన్ సహారన్‌పూర్ ప్రాంతంలో. రెజిమెంటు కేంద్రంలో శిక్షణ ముగించిన సిపాయి నేరుగా రంగానికి పోకుండా అక్కడ మరో రెండు నెలలు అడవిలో బతకడం, రాత్రిపూట కదలడం, గస్తీ తిరగడం నేర్చుకునేవాడు. కొరతగా ఉన్న సమయంలో రెండు డివిజన్లను పోరాటం నుంచి తీసివేయడం సాహసమే. 1944, 45 సంవత్సరాల విజయాల్లో ఆ నిర్ణయం వాటా చాలా పెద్దదని నేను భావిస్తాను.

కొరత ముంచుకొచ్చినప్పుడు మొదట కోత పడేది శిక్షణ వారాల మీదే. అమెరికా పదిహేడు వారాల శిక్షణను యుద్ధం చివర్లో పదిహేనుకు తగ్గించింది. తగ్గించక తప్పనప్పుడు కవాతును తగ్గించండి. ఆయుధాన్ని, రాత్రి పనిని, జట్టుగా కదలడాన్ని ముట్టుకోవద్దు.

దారిలో, డిపోలో

ప్రయాణంలో ఉన్న భర్తీ సైనికుడు ఎవరి మనిషీ కాడు. పాత దళం వదిలేసింది, కొత్త దళం ఇంకా చేర్చుకోలేదు. నెపోలియన్ స్పెయిన్‌కు కొత్త సైనికులను పంపేటప్పుడు వేర్వేరు రెజిమెంట్లకు చెందినవారిని తాత్కాలిక కవాతు రెజిమెంట్లుగా కూర్చి, అధికారులను పెట్టి నడిపించాడు. దారిలో గెరిల్లాల బెడద ఉన్నందున ఆ తాత్కాలిక దళాలే కాపలా పని, పోరాటం కూడా చేయవలసి వచ్చేది. ఈ ఏర్పాటులోని మేలు నేటికీ చెల్లుతుంది: రేవు నుంచి డిపో దాకా ప్రతి గుంపుకూ పేరున్న అధికారి, ఒక జాబితా, ఒక గమ్యం ఉండాలి.

డిపోను కేవలం నిల్వ స్థలంగా నడిపితే అది మనుషులను పాడుచేస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు తీరాన ఎటాప్ల్‌లో ఉన్న బ్రిటిష్ స్థావరంలో కొత్తవారితో పాటు ముందువరుస నుంచి గాయపడి కోలుకున్నవారిని కూడా అదే కఠినమైన కవాతు మైదానంలో, రంగం చూడని శిక్షకుల అరుపుల మధ్య తిప్పేవారు. 1917 సెప్టెంబరులో అక్కడ తిరుగుబాటు చెలరేగింది. శిక్షకులను రంగం నుంచి కోలుకుని వచ్చినవారిలోంచే ఎంచుకోవడం, అనుభవజ్ఞులను కొత్తవారితో ఒకే గాటన కట్టకపోవడం, డిపోలో ఉండే కాలానికి గట్టి పరిమితి పెట్టడం ఇక్కడ తప్పనిసరి.

కాగితాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. మనిషి చేతిలో పే బుక్ (జీతం లెక్కల పుస్తకం), టీకాల వివరం, నేర్చుకున్న పని, రక్తసంబంధీకుల చిరునామా ఉండాలి. వీటి నకళ్లు అతనికంటే ముందే రంగానికి చేరాలి. ఇవి వెనకబడితే జీతం ఆగుతుంది, ఉత్తరాలు తప్పిపోతాయి, వైర్‌లెస్ నేర్చినవాడు వంటశాలకు పోతాడు. ఇంటి ఉత్తరాలు రెండు నెలలపాటు అందని సైనికుడు కొత్త కంపెనీలో చేరేనాటికే సగం విరిగి ఉంటాడు.

చివరి పది కిలోమీటర్లు

1944 నవంబరులో జర్మనీ సరిహద్దున హర్ట్‌గెన్ అడవిలో అమెరికన్ ఇరవై ఎనిమిదో డివిజన్ కొద్ది రోజుల్లో ఆరు వేల మందికి పైగా కోల్పోయింది. ఆ అడవిలో దళాలు వెనక్కి రాకుండానే కొత్తవారు వచ్చి చేరేవారు. సాయంత్రం ట్రక్కు దిగి, చీకట్లో ముందు నడిచేవాడి వెన్ను చూసుకుంటూ బురదలో నడిచి, చెట్ల మధ్య ఒక గుంతలోకి దిగేవారు. ఫిరంగి గుండ్లు చెట్ల కొమ్మలకు తగిలి పైనే పేలి, ఇనుప ముక్కలు కిందికి కురుస్తాయనీ, అప్పుడు నేలమీద పడుకోకుండా చెట్టు మొదలుకు ఆనుకుని నిలబడాలనీ పాతవారికి తెలుసు. కొత్తవారికి చెప్పే సమయం ఎవరికీ ఉండేది కాదు. సార్జెంటు జాబితాలో పేరు రాసుకునేలోపే చనిపోయినవారు ఉన్నారు. ఏడాది ముందు దేశంలో మొదలైన ఖర్చు, శిక్షణ, ఓడలో చోటు అంతా ఆ ఒక్క రాత్రిలో పోయేది.

అందుకని అప్పగింతకు నియమాలు రాసి పెట్టాలి. పోరులో ఉన్న కంపెనీకి కొత్తవారిని పంపకూడదు. బెటాలియన్ వెనక్కి వచ్చాకే చేర్చాలి. అది సాధ్యం కానప్పుడు కనీసం బెటాలియన్ సరంజామా ఉన్నచోట రెండు రోజులు ఆపి, తుపాకి గురి సరిచేయించి, వేడి భోజనం పెట్టి, వారి ప్లటూన్ సార్జెంటునే వెనక్కి పిలిపించి పరిచయం చేయాలి. పగటి వెలుతురులో నేల చూపించాలి. కొన్ని అమెరికన్ డివిజన్లు పై కార్యాలయం చెప్పకపోయినా సొంతంగా ఇలాంటి శిక్షణ స్థలాలు పెట్టుకున్నాయి.

వీటికంటే ముఖ్యమైనది, కొత్తవారిని చేర్చుకోవడానికి పాతవారు మిగిలి ఉండాలి. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో బ్రిటిష్ సైన్యం, దాడికి వెళ్లే ప్రతి బెటాలియన్ నుంచి కొందరు అధికారులను, సార్జెంట్లను, నిపుణులను ముందుగానే వెనక ఉంచే పద్ధతి తెచ్చింది. ఉదయం దాడిలో బెటాలియన్ చితికిపోయినా దాన్ని మళ్లీ నిలబెట్టగల వందమంది దాకా మిగిలేవారు. దాడికి బలం తగ్గుతుందని అధిపతులు సణుగుతారు. ఈ ఒక్క విషయంలో వారి మాట వినకూడదు.

ఆసుపత్రి నుంచి తిరిగివచ్చేవారు

అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే మేలైన భర్తీ సైనికుడు కోలుకున్న పాత సైనికుడే. అతనికి శిక్షణ అక్కరలేదు, ఓడ అక్కరలేదు. సొంత కంపెనీకి తిరిగి పంపితే చాలు. ఆశ్చర్యమేమిటంటే సైన్యాలు తరచుగా చేయనిది కూడా అదే. 1943 సెప్టెంబరులో ఇటలీలోని సలెర్నో తీరంలో పరిస్థితి విషమించినప్పుడు, ట్రిపోలీ శిబిరంలో కోలుకుంటున్న బ్రిటిష్ యాభై, యాభై ఒకటో డివిజన్ల సైనికులను ఓడలెక్కించారు. తమ దళాలకే వెళ్తున్నామని నమ్మినవారు సలెర్నోలో దిగాక, అపరిచితమైన నలభై ఆరో డివిజన్‌లో చేరమన్న ఆజ్ఞ విన్నారు. ఉత్తర ఆఫ్రికా పోరాటంలో అనుభవం గడించినవారిలో దాదాపు 190 మంది నిరాకరించి సైనిక న్యాయస్థానం ముందు నిలబడ్డారు. ముగ్గురు సార్జెంట్లకు మరణశిక్ష విధించి తర్వాత నిలిపివేశారు. అవసరం నిజమైనదే కావచ్చు. కానీ మనిషి పోరాడేది తన వారితో కలిసి గనుక, ఈ విషయంలో ఇచ్చిన మాట తప్పితే వచ్చే నష్టం ఒక బెటాలియన్ బలానికి మించి ఉంటుంది. సోవియట్ సైన్యంలో కూడా గార్డ్స్ దళాలవారిని (పోరాటంలో రాణించి ఆ బిరుదు పొందిన దళాలవారిని) కోలుకున్నాక తమ దళాలకే పంపాలన్న నియమం ఉండేది. మిగిలినవారు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పోయేవారు.

చికిత్స ఎక్కడ జరుగుతుందన్నది కూడా భర్తీ ప్రశ్నే. బర్మా రంగంలో మలేరియా సోకినవారిని మొదట్లో వందల మైళ్ల వెనక్కి, ఇండియాలోని ఆసుపత్రులకు పంపేవారు. అలా వెళ్లినవాడు తిరిగి కంపెనీకి చేరడానికి ఐదు నెలలైనా పట్టేది. ముందువరుసకు కొద్ది మైళ్ల వెనక, వెదురు పాకల్లో మలేరియా చికిత్సా కేంద్రాలు పెట్టాక మూడు వారాల్లోనే తిరిగి రాగలిగాడు. మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్రలు మింగించడాన్ని కమాండింగ్ అధికారుల బాధ్యత చేసి, మింగించనివారిని పదవి నుంచి తప్పించారు. కొత్త సిపాయి ఒక్కడినీ చేర్చుకోకుండానే బెటాలియన్లు నిండడం మొదలైంది.

నిల్వ అడుగంటినప్పుడు

ఎంత జాగ్రత్తగా నడిపినా ఒక దశలో డిపోలు ఖాళీ అవుతాయి. అప్పటికి మిగిలే దారులు కొన్నే. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముందే తేల్చుకుని ఉంచాలి. మొదట ఇతర శాఖల్లో మిగులుగా ఉన్నవారిని పదాతిదళంలోకి మార్చాలి. 1944 ఫిబ్రవరిలో అమెరికా, కళాశాలల్లో ప్రత్యేక చదువు చదువుతున్న సైనికుల్లో లక్షకు పైగా మందిని దళాలకు మళ్లించింది. ఆ డిసెంబరులో బెల్జియంలోని ఆర్డెన్స్ అడవుల్లో జర్మనీ జరిపిన దాడి తర్వాత వెనక సేవల్లో ఉన్న నల్లజాతి సైనికులను పదాతిదళంలోకి రమ్మని పిలిస్తే రెండు వేల మందికి పైగా వచ్చారు. వారిలో సార్జెంట్లు తమ హోదా చారలు వదులుకుని సాధారణ సైనికులుగా చేరారు. వయసు పరిమితి తగ్గించడం మరో దారి. 1918 మార్చిలో జర్మన్ దాడి తర్వాత బ్రిటన్ విదేశీ సేవకు కనీస వయసును పందొమ్మిది నుంచి పద్దెనిమిదిన్నరకు దించింది. పోరాటం జరుగుతున్న దేశంవారినే చేర్చుకోవడం ఇంకొకటి. 1950 ఆగస్టులో కొరియా యువకులను అమెరికన్ డివిజన్లలో చేర్చారు. భాష రాని, శిక్షణ లేని వేలాదిమందిని జపాన్‌కు పంపి ఏడో డివిజన్‌ను నింపారు. మొదట్లో ఫలితం ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. కాలక్రమంలో ఆ ఏర్పాటు నిలదొక్కుకుంది.

ఏదీ చాలనప్పుడు ఒక దళాన్ని రద్దుచేసి, దాని మనుషులతో మిగిలినవాటిని నింపాలి. 1944 ఆగస్టులో బ్రిటిష్ సేనాధిపతి మాంట్‌గోమరీ తన యాభై తొమ్మిదో డివిజన్‌ను ఇలాగే రద్దుచేశాడు. ఎవరికీ ఇష్టంలేని నిర్ణయమిది, అందువల్లనే దాదాపు ఎప్పుడూ ఆలస్యమవుతుంది. అయితే ఎనభై శాతం బలంతో ఉన్న పది డివిజన్లకు పది కార్యాలయాలు, పది సరంజామా దళాలు కావాలి. వాటికంటే నిండుగా ఉన్న ఎనిమిది డివిజన్లు ఎక్కువ నేలను పట్టుకుంటాయి. రద్దు చేసేటప్పుడు మనుషులను విడివిడిగా చల్లకుండా కంపెనీలు కంపెనీలుగా కొత్త దళాలకు ఇవ్వాలి.

తిరుగు ప్రయాణం కూడా లెక్కలోదే

చాలాకాలం పోరాడినవారిని ఇంటికి పంపడం కూడా భర్తీ అధికారి పట్టికలో చేరుతుంది, ఎందుకంటే వెళ్లిన ప్రతి మనిషి వెనకా ఒక ఖాళీ ఉంటుంది. కొరియాలో అమెరికన్ సైనికుడికి ముందువరుసలో గడిపిన నెలకు నాలుగు పాయింట్లు. 36 చేరితే ఇంటికి. 1945 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసినప్పుడు పెట్టిన పద్ధతిలో నెల సేవకు ఒకటి, విదేశంలో గడిపిన నెలకు మరొకటి, ఒక్కొక్క పోరాట చిహ్నానికీ పతకానికీ ఐదు, ముగ్గురికి మించకుండా ఒక్కొక్క బిడ్డకూ పన్నెండు పాయింట్లు వేసి, 85 చేరినవారిని విడుదలకు అర్హులుగా ఎంచారు. న్యాయమైన పద్ధతే. కాకపోతే ఎక్కువ పాయింట్లు ఉన్నవారంతా సహజంగానే ఎక్కువ అనుభవం ఉన్నవారు. పసిఫిక్ రంగానికి తరలించడానికి సిద్ధం చేస్తున్న డివిజన్లు ఆ కొద్ది వారాల్లోనే తమ సార్జెంట్లను, పాత రైఫిల్ సైనికులను కోల్పోయాయి. కొత్తవారిని తెచ్చిన డిపోలే అప్పుడు పాతవారిని ఇంటికి పంపే పనికి తిరిగాయి. దూరపు రంగానికి ప్రణాళిక వేసేవారు ఈ రెండో ప్రవాహానికి కూడా ఓడల్లో చోటు, డిపోల్లో గుమస్తాలు, సార్జెంట్ల ఖాళీలకు ముందుగానే తయారైన మనుషులు ఉండేలా మొదటి ఏడాదిలోనే పట్టికలో వరుస కేటాయించాలి.